చెయ్యి పడిపోతే కుర్చీ పోవాలా?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించీ, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు గురించీ నాకంటె ముందు మాట్లాడిన మిత్రులు చక్కగా వివరించారు. అవే మాటలు నేను మళ్ళీ చెబితే భోజనాల వేళ దాటిపోవడం తప్ప ప్రయోజనం లేదు. అందుచేత మన సభల్లో సాధారణంగా రాని విషయం ఒకటి ఎంచుకున్నాను. సర్వీసులో ఉండగా కాలో, చెయ్యో, కన్నో, చెవో, మనసో దెబ్బతిన్న ఉద్యోగిని ఆఫీసు ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు అన్నదే ఆ విషయం. మనం రిటైరయ్యాం కదా, మనకెందుకు అనుకోవచ్చు. మన కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. ఇంట్లో ఎవరికైనా పక్షవాతం వస్తే, ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడు "సర్వీసు సంగతి ఏమవుతుంది నాన్నగారూ" అని అడిగేది మననే.

ఈ రోజు మనం ఎందుకు జరుపుకుంటున్నామో అందరికీ తెలుసు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీం కోర్టు, పెన్షను అన్నది యజమాని దయతలచి ఇచ్చే ఈనాము కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. ఆ తీర్పు రాకముందు మన పెద్దలు పెన్షను కాగితాలు చేత్తో పట్టుకుని దణ్ణాలు పెట్టుకుంటూ తిరిగినవారే. సర్వీసు మధ్యలో అవయవం దెబ్బతిన్న ఉద్యోగి పరిస్థితి ఇప్పటికీ చాలాచోట్ల అలాగే ఉంది. అతని ఉద్యోగం అతని హక్కు అని చట్టం చెప్పి మూడు దశాబ్దాలవుతున్నా, ఆఫీసువాళ్ళు జాలిగా మాట్లాడతారు, ఇంటివాళ్ళు దణ్ణం పెడతారు, ఫైలు మాత్రం మెడికల్ బోర్డు దారి పడుతుంది.

నేను ఒక జిల్లా కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో పనిచేసేవాణ్ణి. 1998లో వేరే శాఖకు చెందిన ఒక ఆఫీసులో, దాని పేరు చెప్పను, ఒక సీనియరు టైపిస్టు ఉండేవారు. నలభైమూడేళ్ళ వయసు. ఒకనాటి ఉదయం కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆరు నెలలు వైద్యం చేయించుకున్నాక కర్ర పట్టుకుని నడవగలిగారు. కుడి చెయ్యి మాత్రం రాలేదు. మాట స్పష్టంగా ఉండేది, జ్ఞాపకశక్తి మాకందరికీ అసూయ పుట్టించేంత ఉండేది. ఏ మెమో ఏ ఫైల్లో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవారు. అలాంటి మనిషిని తపాళ్ళ దగ్గరో, రికార్డు గదిలోనో కూర్చోబెడితే ఆఫీసుకే లాభం. కాని ఆ ఆఫీసువారు "టైపు చేయలేని టైపిస్టు ఎందుకు" అన్న ఒక్క వాక్యం మీద నోటు పెట్టారు. బోర్డు నుంచి "ఏ విధమైన ఉద్యోగానికీ శాశ్వతంగా పనికిరారు" అన్న సర్టిఫికెట్టు వచ్చింది. ఇన్వాలిడ్ పెన్షను ఉత్తర్వు అయిపోయింది. ఆయన భార్య పెన్షను కాగితాలు నింపించుకోవడానికి మా ఇంటికి వచ్చినప్పుడు నేను మొదటిసారి ఆ ఉత్తర్వు చూశాను.

ఆ కుటుంబానికి ఎంత నష్టమో లెక్క కట్టి చూడండి. ఆయనకు 18 ఏళ్ళ సర్వీసు, ఇంకా 15 ఏళ్ళు ఉంది. మనకు తెలిసిన లెక్క ప్రకారం 33 ఏళ్ళ అర్హ సర్వీసుకు జీతంలో సగం పెన్షను. 18 ఏళ్ళకయితే ఆ సగంలో 33కు 18 వంతులు. నాలుగువేల జీతం మీద రెండువేలు రావలసిన చోట, కనీస పెన్షను సంగతి పక్కన పెడితే, వెయ్యిన్ని తొంభై చిల్లర. పదిహేనేళ్ళ ఇంక్రిమెంట్లు, ఆ మధ్యలో వచ్చే పి.ఆర్.సి.లు, ప్రమోషను, వీటన్నిటి మీదా పెరగవలసిన గ్రాట్యుటీ అన్నీ ఆ ఒక్క వాక్యంతో పోయాయి.

ఇందులో నాకు ఈనాటికీ మింగుడు పడని సంగతి ఒకటుంది. అప్పటికే చట్టం ఉంది. పార్లమెంటు 1995లో చేసిన వికలాంగుల (సమాన అవకాశాలు, హక్కుల పరిరక్షణ, సంపూర్ణ భాగస్వామ్యం) చట్టం 1996 ఫిబ్రవరి 7 నుంచి అమలులోకి వచ్చింది. ఆ చట్టం పేరు చెబితే మన గుమాస్తాలందరికీ గుర్తొచ్చేది మూడు శాతం రిజర్వేషను, రోస్టరులో 6, 31, 56 పాయింట్లు. కొత్తగా ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళ సంగతి అది. ఉన్న ఉద్యోగి సంగతి చెప్పే 47వ సెక్షనును ఎవరూ చదవలేదు. అందులో ఏముందో మన ఆఫీసు భాషలో చెబుతాను.

సర్వీసులో ఉండగా వైకల్యం పొందిన ఉద్యోగిని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. చేస్తున్న పోస్టుకు పనికిరాకపోతే అదే జీతపు స్కేలుతో, అవే సర్వీసు ప్రయోజనాలతో వేరొక పోస్టుకు మార్చాలి. అలాంటి పోస్టు ఖాళీగా లేకపోతే, తగిన పోస్టు దొరికేవరకో, రిటైర్మెంటు వయసు వచ్చేవరకో, ఏది ముందయితే అంతవరకు, సూపర్‌న్యూమరరీ పోస్టులో ఉంచాలి. వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో ప్రమోషను ఆపకూడదు. ఇంతే. ఇందులో "వీలైతే" అన్న మాట లేదు. ఖాళీ లేదు కాబట్టి పంపించేశాం అనడానికి కూడా సందు లేకుండా, పోస్టు లేకపోతే పోస్టు పుట్టించమని చెప్పింది.

ఈ సెక్షను విలువ దేశానికి తెలియడానికి 2003 దాకా పట్టింది. కునాల్ సింగ్ అనే ఆయన కేంద్ర ప్రభుత్వంలో స్పెషల్ సర్వీస్ బ్యూరోలో కానిస్టేబులు. డ్యూటీలో ఎడమ కాలికి గాయమై, అది కుళ్ళి, కాలు తీసివేయవలసి వచ్చింది. 1998లో ఆయనను శాశ్వతంగా పనికిరాడని ఇంటికి పంపారు. హిమాచల్ ప్రదేశ్ హైకోర్టులో ఓడిపోయారు. సుప్రీం కోర్టుకు వెళితే ప్రభుత్వం తరఫున చెప్పిన జవాబు మనవాళ్ళు చెప్పేదే: ఆయన ఇన్వాలిడ్ పెన్షను పుచ్చుకుంటున్నారు కదా, ఇంకేమిటి అని. కోర్టు ఒప్పుకోలేదు. పెన్షను రూల్సు కింద పెన్షను ఇచ్చినంత మాత్రాన, పార్లమెంటు చేసిన చట్టం తప్పనిసరిగా ఇమ్మన్న రక్షణ పోదని చెప్పింది. రూలు కన్నా చట్టం పెద్దది అన్నది మనం డిపార్టుమెంటల్ టెస్టులకు చదువుకున్న పాఠమే.

ఆ తీర్పులో ఇంకొక సూక్ష్మం ఉంది. "నీకు నలభై శాతం వైకల్యం లేదు, కాబట్టి నీకు ఈ చట్టం వర్తించదు" అని కొన్ని ఆఫీసులు అడ్డం పెడతాయి. నలభై శాతం లెక్క రిజర్వేషను వంటివాటికి. సర్వీసులో వైకల్యం పొందిన ఉద్యోగి సంగతి వేరు, ఈ రెండింటినీ కలపకూడదని కోర్టు విడదీసి చెప్పింది.

పాత చట్టం పోయి ఇప్పుడు వికలాంగుల హక్కుల చట్టం, 2016 వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమలు. అప్పట్లో ఏడు రకాల వైకల్యాలుంటే ఇప్పుడు ఇరవై ఒకటి. మూడు శాతం నాలుగయింది. దివ్యాంగులనీ, విభిన్న ప్రతిభావంతులనీ పేర్లు కూడా మార్చారు. పేరు మార్చినంత సులువుగా ర్యాంపు కట్టరన్నది వేరే సంగతి. మనకు కావలసినది 20వ సెక్షను, నాలుగో ఉపసెక్షను. పాత 47లో ఉన్నదంతా ఇందులో ఉంది. కొన్ని రకాల పనులకు ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫికేషను ఇచ్చి మినహాయింపు ఇవ్వవచ్చు; పోలీసు, సాయుధ దళాల వంటి వాటిలో అటువంటి మినహాయింపులున్నాయి. తాలూకా ఆఫీసుకూ, ట్రెజరీకీ, బడికీ అలాంటి సాకు లేదు.

కొత్త చట్టంలో కొత్తగా వచ్చిన మాట ఒకటుంది, సముచిత సదుపాయం అని. ఉద్యోగి పని చేయగలిగేలా ఆఫీసు తన ఏర్పాట్లను కొంత మార్చుకోవడం. యజమాని మీద మోయలేని భారం పడనంత వరకు అది చేసి తీరాలి. మెట్లెక్కలేని వ్యక్తి సీటు కింది అంతస్తుకు మార్చడం, వినపడని ఉద్యోగికి మౌఖిక ఆదేశాలకు బదులు చీటీ రాసి ఇవ్వడం, ఇలాంటివే. వీటిలో చాలావాటికి బడ్జెటు హెడ్డు కూడా అక్కరలేదు. ఆ టైపిస్టుగారిని తపాళ్ళ సీటులో కూర్చోబెట్టడానికి ఎంత ఖర్చయ్యేది?

మన రాష్ట్రాల సంగతి కూడా చెప్పాలి. ఉమ్మడి ఆర్టీసీలో 2014లో చేరిన ఒక డ్రైవరుకు వర్ణాంధత్వం ఉందని తర్వాత వైద్య పరీక్షలో తేలింది. వేరే పని ఇమ్మని అడిగితే ఇవ్వకుండా 2016లో వైద్య కారణాల మీద రిటైరు చేశారు. ఆ కేసు తెలంగాణ హైకోర్టు మీదుగా సుప్రీం కోర్టుకు చేరి 2025 ఆగస్టు 1న తీర్పు వచ్చింది. తగిన పోస్టు ఇవ్వండి, అదే గ్రేడు జీతం ఇవ్వండి, పాత జీతం బకాయిలో 25 శాతం ఇవ్వండి అన్నారు. ఆ తీర్పుకు ఆధారాలలో ముఖ్యమైనది, మీరు ఆశ్చర్యపోతారు, 1979లో కార్మిక సంఘాలు యాజమాన్యంతో చేసుకున్న ఒప్పందం. వర్ణాంధత్వం వచ్చిన డ్రైవర్లకు వేరే ఉద్యోగం ఇవ్వాలని అందులో ఒక క్లాజు ఉంది. నలభై ఆరేళ్ళ కిందట మన తరం యూనియన్ నాయకులు గేటు మీటింగులు పెట్టి సాధించిన కాగితం, వారిలో చాలామంది చూడలేని కాలంలో ఒక మనిషికి అన్నం పెట్టింది. పాత ఒప్పందాల నకళ్ళు పారేయకండి అని మన సంఘం లైబ్రరీ చూసేవారికి ఈ సందర్భంగా మనవి చేస్తున్నాను.

మనసుకు వచ్చే జబ్బు గురించి మన ఇళ్ళలో పైకి మాట్లాడరు. ఆఫీసులో అయితే దానికి క్రమశిక్షణారాహిత్యం అని పేరు పెట్టి చార్జిమెమో ఇస్తారు. సి.ఆర్.పి.ఎఫ్.లో ఒక అధికారికి మానసిక వ్యాధి ఉంది. ఆయన ప్రవర్తన మీద శాఖాపరమైన విచారణ మొదలుపెట్టారు. ఈ కేసులో కూడా తీర్పు డిసెంబరు 17నే వచ్చింది, 2021లో. ఆ ప్రవర్తనకు కారణాలలో వైకల్యం ఒకటయినప్పుడు, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా విచారణ జరపడం కూడా వివక్షే అవుతుందని చెప్పి ఆ విచారణను కొట్టేశారు. విచారణాధికారులుగా పనిచేసిన మిత్రులు ఈ సభలో ఇద్దరు ముగ్గురున్నారు. మన కాలంలో చార్జిమెమోలకు వచ్చిన వివరణల వెనక ఎన్ని జబ్బులు దాగి ఉండేవో వారికే బాగా తెలుసు.

ఇప్పుడు కొంచెం కటువుగా ఒక మాట చెబుతాను, క్షమించాలి. ఇంట్లో ఒకరికి పక్షవాతం రాగానే బంధువులలో ఒక పెద్దమనిషి తప్పకుండా బయల్దేరి, "మెడికల్ ఇన్వాలిడేషను పెట్టించండి, కొడుక్కి ఉద్యోగం వస్తుంది" అంటాడు. కారుణ్య నియామకం కావాలని అడగటం తప్పు కాదు. నిజంగా మంచం పట్టిన మనిషి ఇంట్లో అది దీపం లాంటిది. కాని పని చేయగలిగిన మనిషిని, పని చేయాలని కోరుకుంటున్న మనిషిని, కొడుకు ఉద్యోగం కోసం పనికిరానివాడని రాయించుకోమనడం ఏం న్యాయం? ఆ టైపిస్టుగారి ఇంట్లో కూడా ఆ ఆశ పెట్టారు. వాళ్ళబ్బాయికి అప్పటికి పద్నాలుగేళ్ళు. వయసు వచ్చేసరికి అడగవలసిన గడువు దాటిపోయిందన్నారు. ఆయన మరొక పదేళ్ళు బతికారు. రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు ఉతికిన చొక్కా తొడుక్కుని వీధి అరుగు మీద కూర్చునేవారు. పదిన్నరకు లోపలికి వెళ్ళిపోయేవారు.

ఇక కంప్యూటర్ల సంగతి. ఆఫీసుల్లో కాగితం ఫైళ్ళు పోయి కంప్యూటరు ఫైళ్ళు వచ్చాయి. చూపులేని ఉద్యోగులకు ఇది వరం కావలసింది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్టువేరులున్నాయి, ఎన్.వి.డి.ఎ. అన్నది ఉచితంగానే దొరుకుతుంది. కాని మనవాళ్ళు ఏం చేస్తారు? కాగితాన్ని స్కాను చేసి ఫొటోలాగా ఫైల్లో పెడతారు. ఫొటోను ఆ సాఫ్టువేరు చదవలేదు. తెలుగు నోటును పాత అను ఫాంట్లలో టైపు చేస్తారు. కంటికి అది తెలుగే, కాని ఆ సాఫ్టువేరుకు మాత్రం అర్థం లేని గుర్తులు. అదే నోటును యూనికోడులో టైపు చేసి పెడితే ఆ ఉద్యోగి ఎవరి సాయమూ లేకుండా ఫైలు నడుపుతాడు. ఇంత చిన్న సదుపాయం చేయకుండా "అతనికి పని రాదు" అని రహస్య నివేదికలో రాస్తే దాన్నేమనాలి?

అడిగితే "సాఫ్టువేరు కంపెనీవాడు అలా ఇచ్చాడు, ఇంటర్నెట్టువాడిది తప్పు, మాదేం లేదు" అంటారు. ఈ వాదన చట్టం ముందు నిలిచేది కాదు. సముచిత సదుపాయం కల్పించవలసిన బాధ్యతను 20వ సెక్షను పెట్టింది ఉద్యోగం ఇచ్చిన ప్రభుత్వ సంస్థ మీద. కంపెనీవాడూ తప్పించుకోలేడు: 46వ సెక్షను ప్రకారం సేవలందించేవారు, ప్రభుత్వమైనా ప్రైవేటైనా, సుగమ్యత నియమాలను పాటించాలి. ఇంటర్నెట్టు కంపెనీలు తరచు చూపించే డాలు, ఐ.టి. చట్టం, 2000లోని 79వ సెక్షను. వేరేవాళ్ళు పెట్టిన రాతలకు, బొమ్మలకు మధ్యవర్తిని బాధ్యుణ్ణి చేయకూడదని అది చెబుతుంది. దానికి కూడా షరతులున్నాయి. కోర్టు ఉత్తర్వో, ప్రభుత్వ ఆదేశమో అందాక తీసేయకపోతే ఆ డాలు పోతుందని 2015 మార్చి 24న సుప్రీం కోర్టు వివరించింది. నాకు అర్థమైనంతవరకు, ఎవడో పెట్టిన రాతకు ఉన్న ఆ రక్షణ, కంపెనీ తానే కట్టిన వెబ్‌సైటుకు మెట్లు తప్ప ర్యాంపు పెట్టకపోవడానికి వర్తించదు.

2024 నవంబరు 8న సుప్రీం కోర్టు, సుగమ్యత ప్రమాణాలు ఇష్టముంటే పాటించే సలహాలు కాకూడదు, తప్పనిసరి నియమాలు కావాలని కేంద్రానికి చెప్పింది. 2025 ఏప్రిల్ 30న మరొక తీర్పు. యాసిడ్ దాడిలో ముఖం కాలిపోయిన ఒక మహిళను బ్యాంకు ఖాతా కోసం కెమెరా ముందు కళ్ళార్పమన్నారు. ఆర్పలేని కళ్ళను ఆర్పమంటే ఎలా? డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని చెప్పి కోర్టు ఇరవై ఆదేశాలిచ్చింది. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు కోసం ఫోను ముందు కళ్ళార్పి ఆర్పి అలసిపోయిన మనకు, వేలిముద్రలు అరిగిపోయి యంత్రం గుర్తించని మనకు, ఈ తీర్పు పరాయిది కాదు.

ప్రైవేటు కంపెనీల్లో ఉన్న పిల్లల సంగతి ఏమిటని మధ్యాహ్నం ఒకరు అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాలి. 20వ సెక్షను రక్షణ ప్రభుత్వ సంస్థల ఉద్యోగులకే. ప్రైవేటు సంస్థ సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని 21వ సెక్షను చెబుతుంది, వివక్ష కూడదన్న సాధారణ సూత్రం 3వ సెక్షనులో ఉంది, రాష్ట్ర కమిషనరుకు ఫిర్యాదు చేసుకోవచ్చు. కాని తీసేయకూడదు, పోస్టు పుట్టించాలి అన్నంత గట్టి మాట వారికి లేదు. ఇది చట్టంలో లోపమేనని నా అభిప్రాయం. అమెరికాలో ఉన్న మన పిల్లలకు అక్కడ 1990లో వచ్చిన వైకల్య చట్టం ఉంది, పదిహేను మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు యజమానికి కూడా అది వర్తిస్తుంది. ఆ విషయంలో వాళ్ళు మనకన్నా ముందున్నారు.

మరి సర్వీసులో ఉన్న మనవాళ్ళకు ఆపద వస్తే ఏం చేయాలి? అన్నిటికన్నా ముందు, ఆస్పత్రి మంచం మీద పెట్టించుకునే సంతకాలు పెట్టవద్దు. రాజీనామా, స్వచ్ఛంద పదవీ విరమణ, ఇన్వాలిడేషను కోరుతున్నానన్న దరఖాస్తు, ఏదైనా సరే. స్వయంగా సంతకం పెట్టాక "తీసేశారు" అని కోర్టులో నిరూపించడం కష్టం. సెలవు పెట్టండి, మెడికల్ సర్టిఫికెట్టు జతచేయండి. కోలుకున్నాక ఏ పని చేయగలరో చెబుతూ, 20వ సెక్షను నాలుగో ఉపసెక్షనును పేర్కొంటూ, తగిన పోస్టు ఇమ్మని దరఖాస్తు రాసి తపాళ్ళలో నంబరు వేయించుకోండి. నోటిమాటగా అడగవద్దు. జవాబు రాకపోతే, ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ 23వ సెక్షను కింద ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో విచారించాలి. "మా ఆఫీసులో అలాంటి అధికారి ఎవరూ లేరండీ" అన్న జవాబు వస్తే దాన్ని కూడా రాసి ఇమ్మనండి, అది పనికొస్తుంది. ఆపైన జిల్లా స్థాయి కమిటీ, రాష్ట్ర కమిషనరు, చివరకు హైకోర్టు ఉండనే ఉన్నాయి.

ఇప్పటికే ఇన్వాలిడ్ పెన్షను మీద ఇంటికి వచ్చి, ఇంకా రిటైర్మెంటు వయసు రానివారు మీ ఎరికలో ఎవరైనా ఉంటే, కునాల్ సింగ్ కేసు వారికి చెప్పండి. పెన్షను తీసుకుంటున్నారన్న కారణంతోనే దారి మూసుకుపోలేదు. ఆలస్యం ఎక్కువైతే మాత్రం కోర్టులు బకాయి తగ్గిస్తాయి, ఒక్కోసారి అసలు వినవు కూడా. కాబట్టి సంక్రాంతి వెళ్ళాక చూద్దామనుకోకండి. సర్వీసు రిజిస్టరు నకలు, మెడికల్ బోర్డు రిపోర్టు నకలు, రిటైరు చేసిన ఉత్తర్వు, ఈ మూడూ పట్టుకుని మన సంఘం ఆఫీసుకు వస్తే దరఖాస్తు రాసిపెడతాను. మంగళ, శుక్రవారాల్లో పది నుంచి పన్నెండున్నర దాకా అక్కడే ఉంటాను. మేడ మెట్లు ఎక్కలేనివారు కిందనుంచి ఒక కేక వేస్తే నేనే దిగి వస్తాను. ర్యాంపు విషయం కార్యవర్గం ముందు పెట్టాను, వచ్చే మీటింగులో చర్చకు వస్తుంది.